స్నానాల గది నుంచి వసారా దాకా

చి॥ అమ్మడికి,

జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు అయిపోయిందనీ, ఒకటో తారీఖు నుంచి వృద్ధాశ్రమంలో చేరుతున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇంత చదివీ ముసలాళ్ల గుడ్డలు మార్చడానికా అని దాని బెంగ. దాని సంగతి నేను చూసుకుంటాలే. నీకు చెప్పాల్సింది వేరే ఉంది.

ఆశ్రమాల్లో పనిని రెండు వాటాలు వేస్తారు. పొద్దున్నే స్నానాలు, బట్టలు, డైపర్లు, మందులు. అది ఆయాలదీ మీదీ. పది దాటాక భజన, యోగా, టీవీ, పండగలు, పుట్టినరోజులు. అది మేనేజరు గారిది, ఫొటోల్లో పడేది. మొదటిది ఒంటికి, రెండోది మనసుకి అని లెక్క. ఉద్యోగమంతా వార్డుల్లో, రిటైరయ్యాక ఆశ్రమాల్లో గడిపినదాన్ని, నాకు ఈ లెక్క మీద నమ్మకం లేదు. భజనకి రాని మనిషి ఎందుకు రాలేదో భజన హాల్లో కూర్చుంటే తెలీదు. స్నానాల గదిలో తెలుస్తుంది, మంచం పక్కన సొరుగులో తెలుస్తుంది.

ఒకావిడ సంగతి చెప్తా విను. టీచరుగా చేసి రిటైరైన మనిషి, పదిమందిని కూర్చోబెట్టి కబుర్లు చెప్పే రకం. ఉన్నట్టుండి భోజనాల హాలుకి రావడం మానేసింది. కంచం గదికే తెప్పించుకునేది. మనిషి దిగులు పడిందన్నారు, కొడుక్కి ఫోన్ చేశారు, నిద్ర మాత్ర మార్చారు. తీరా చూస్తే కింది పళ్లసెట్టు చిగురుకి ఒరుసుకుని పుండు పడింది. నొప్పికి సెట్టు తీసేసింది. బోసినోటితో నలుగురి ఎదుటా నమలడం ఆవిడకి నామోషీ. పళ్ల డాక్టరు ఆ సెట్టు అంచు కాస్త అరగదీసి ఇచ్చాడు, అంతే. మళ్లీ బల్ల దగ్గరికొచ్చి, సాంబారులో ఉప్పు లేదని వంటాయన్ని దులిపేసింది.

కాబట్టి పళ్లసెట్టు దగ్గర నుంచే మొదలుపెట్టు. రాత్రి తీయించి నీళ్లలో వెయ్యి. వేడినీళ్లు వద్దు, వంకర పోతుంది. కడిగేటప్పుడు కింద బేసిన్‌లో కాసిని నీళ్లు ఉంచుకో, చెయ్యి జారినా పగలదు. డబ్బా మీద పేరు రాయి. వారానికొకసారి టార్చి వేసి చిగుళ్లు చూడు. ఇదే వరసలో వినికిడి మిషను బ్యాటరీ, కళ్లజోడు అద్దాల మీద జిడ్డు కూడా చూడు. ఏమీ వినిపించని మనిషి హరికథకి వచ్చి ఏం చేస్తుంది, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వుతుంది, రెండుసార్లు అలా నవ్వి మూడోసారి గదిలోనే ఉండిపోతుంది.

ఇంకో పెద్ద కారణం ఎవరూ పైకి చెప్పరు. హాలు నుంచి బాత్‌రూమ్ ఎన్ని అడుగులో వాళ్లకి లెక్కుంటుంది. మధ్యలో ఆగలేకపోతే చీర తడుస్తుందని భయం. ఆ భయానికి పొద్దుట్నుంచీ నీళ్లు తాగడం తగ్గిస్తారు. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షను. ఆ వయసులో ఇన్ఫెక్షను జ్వరంతోనే బయటపడుతుందని లేదు, ఉన్నట్టుండి మనిషి తికమకపడొచ్చు, పొంతన లేకుండా మాట్లాడొచ్చు. నిన్నటిదాకా బావున్నావిడ ఇవాళ నిన్ను పోల్చుకోలేకపోతే మతిమరుపు ముదిరిందని సరిపెట్టుకోకు, నర్సుకి వెంటనే చెప్పు. టిఫిను అయ్యాక ఒకసారి, భజనకి ముందు ఒకసారి నువ్వే అడిగి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లు. అదీ నలుగురిలో గట్టిగా అడక్కు. దగ్గరికెళ్లి చెవిలో అడుగు.

స్నానం దగ్గరికి వద్దాం. 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టరూ ఆయన సహచరులూ రోజువారీ పనుల పట్టిక ఒకటి వేశారు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాల అదుపు, అన్నం తినడం. నీ కోర్సులోనూ వచ్చే ఉంటుంది. చాలామందికి ఆ వరసలోనే చేతకాకుండా పోతాయి, స్నానం ముందు, తినడం చివర్న. అందుకే స్నానానికి మొదటిసారి మరొకరి చెయ్యి పట్టుకున్న రోజు వాళ్లకి మామూలు రోజు కాదు. కట్టుకున్నవాళ్ల ముందు కూడా విప్పని బట్ట నీ ముందు విప్పుతున్నారు. తలుపు వెయ్యి. ఫోను బయట పెట్టి రా. బక్కెట్లో చన్నీళ్లు ముందు పోసి, వేణ్నీళ్లు తర్వాత కలిపి, నీ ముంజేతి మీద పోసి చూసుకో. తువ్వాలు భుజాల మీద కప్పి ఉంచి, కడిగే చోటే తియ్యి. మొహం తనే కడుక్కోగలిగితే మగ్గు తన చేతికే ఇయ్యి. నువ్వు చేస్తే ఐదు నిమిషాలు, తను చేసుకుంటే ఇరవై, నిజమే. ఆ పదిహేను నిమిషాలు మిగుల్చుకోవాలని మగ్గు లాక్కుంటే, కొన్నాళ్లకి ఆ చెయ్యి మగ్గు పట్టడం మానేస్తుంది. అప్పుడు ఆ పని రోజూ నీదే. మతిమరుపు ఉన్నవాళ్లకి తల మీద నుంచి గుమ్మరించకు, బెదిరిపోతారు. పాదాల దగ్గర మొదలుపెట్టు. ససేమిరా అంటే వదిలెయ్, తడిగుడ్డతో తుడిచి సాయంత్రం మళ్లీ అడుగు. ఒకపూట స్నానం లేకపోతే ఎవరూ చచ్చిపోరు.

వేళ్ల సందులు, రొమ్ముల కింద, తొడల మడతలు అద్ది ఆరబెట్టు, రుద్దకు. పక్షవాతం ఉంటే చొక్కా వేసేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర్న. మంచాన ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. నడుం కింద, తుంట్లు, మడమలు, చెవి వెనక చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కు. నొక్కి వదిలినా తెల్లబడకపోతే మంచం పుండు మొదలైనట్టే. అక్కడ మర్దన చెయ్యకు, లోపల ఇంకా నలుగుతుంది. గాలి రింగు మీద కూర్చోబెట్టమని ఎవరన్నా అన్నా ఒప్పుకోకు, చుట్టూ రక్తం ఆడదు. మంచం పుండు పడితే తప్పు రోగానిది కాదు, చాలావరకు సేవదేనని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వచ్చిన పుస్తకంలోనే మొహమాటం లేకుండా రాసింది.

జుట్టు గురించి మాత్రం నాతో ఎవరు వాదించినా నేను తగ్గను. చాలాచోట్ల ఆడవాళ్లు చేరిన వారానికే జుట్టు పొట్టిగా కత్తిరించేసి, చీరలు మడిచి లోపల పెట్టేసి, అందరికీ ఒకే రకం నైటీలు తొడుగుతారు. పేలు పడతాయంటారు, దువ్వడానికి మనుషుల్లేరంటారు. మనుషులు తక్కువన్నది నిజమే. కానీ ఆ ఒక్క కత్తెర వేటుతో ఆవిడ వసారాలోకి రావడానికి ఉన్న కారణం తెగిపోతుంది. నైటీతో, మగాళ్లు కూర్చున్న చోటికి, మన ఊళ్లలో పెరిగిన ఏ పెద్దావిడ వస్తుంది చెప్పు? మధ్యాహ్నం వసారాలో నలుగురినీ కూర్చోబెట్టి, చేతులాడేవాళ్ల చేత చేతులాడని వాళ్లకి తలలు దువ్వించు. దువ్వెన మాత్రం ఎవరిది వాళ్లకే. ఆ గంటలో జరిగినన్ని కబుర్లు ఏ మేనేజరు వేసిన కార్యక్రమంలోనూ జరగవు. బొట్టు, పువ్వు సంగతి నీ అంతట నువ్వు తేల్చకు, అడుగు. భర్త పోయాక మానేసినవాళ్లుంటారు, మానమన్నా మాననివాళ్లూ ఉంటారు. పిలుపూ అంతే. అందరినీ మామ్మా, తాతా అని ఒకే గాటన కట్టెయ్యకు. జీవితమంతా మాస్టారుగా బతికినాయన మాస్టారుగారే.

అడగడమన్నానుగా, దానికి దాఖలా ఉంది. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో రెండు అంతస్తుల వాళ్లని గమనించారు. ఒక అంతస్తులో మీ గది ఎలా సర్దుకోవాలో, సినిమా ఏ రోజు చూడాలో మీ ఇష్టమని చెప్పి, తలా ఒక మొక్క ఎంచుకోనిచ్చి నీళ్లు మీరే పోసుకోండన్నారు. రెండో అంతస్తులో మొక్క చేతికిచ్చి, నీళ్లు నర్సులు పోస్తారన్నారు. మూడు వారాలు తిరిగేసరికి మొదటి అంతస్తు వాళ్లు చురుగ్గా ఉన్నారు, నలుగురిలో ఎక్కువగా తిరిగారు. చిన్న పరిశోధనే. ఆయుర్దాయం కూడా పెరిగిందని తర్వాత చెప్పిన లెక్కలు అంత గట్టివి కావు. మొక్క సంగతి మాత్రం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. మన పెరట్లో తులసికోట దగ్గర చెంబు ఎవరు పట్టుకోవాలని ఎన్ని తగువులు చూడలేదు!

భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో నువ్వు నిర్ణయించకు. ఉల్లిపాయ తినని వాళ్లుంటారు, ఏకాదశి ఉపవాసం వాళ్లుంటారు, ఆదివారం కోడికూర లేకపోతే అలిగేవాళ్లుంటారు. పేకాట దగ్గరా, టీవీ రిమోటు దగ్గరా తగాదాలు తప్పవు. ప్రతి తగాదాలోనూ నువ్వు దూరకు. దెబ్బలాడుకుంటున్నారంటే బతికున్నారని అర్థం. తినిపించాల్సి వస్తే మాత్రం నిలబడి తినిపించకు, ఎదురుగా కూర్చో. వాళ్లని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచమని, చిన్న ముద్ద పెట్టి, మింగింది చూసి రెండోది పెట్టు. తిన్నాక అరగంట పడుకోనివ్వకు.

పుట్టినరోజు దాతలు వస్తారు, వాళ్లతో జాగ్రత్త. మంచివాళ్లే. కానీ బ్యానరు కట్టి, ఫొటోలయ్యేదాకా కంచాల ముందు అందరినీ కూర్చోబెడతారు. పప్పు చల్లారిపోతుంది. ఇన్సులిన్ పొడిపించుకున్న మనిషి చేతిలో కేకు ముక్క పట్టుకుని ఫొటో కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇన్సులిన్ పడ్డాక భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. ఆ మాట చెప్పి ముందు వడ్డించెయ్. ఫొటో వద్దన్నవాళ్లని పక్క బల్లకి మార్చు. మేనేజరు కసురుకుంటే కసురుకోనీ.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకి వీడియో కాల్ పెద్ద పండగ. కాల్ ముందు గడ్డం గీయించు, పళ్లసెట్టు పెట్టించు, వెలుతురున్నచోట కూర్చోబెట్టు. ఆ తర్వాత నువ్వు అవతలికి వెళ్లిపో. నువ్వక్కడే నిలబడితే ఇక్కడ బావున్నానని తప్ప ఆయన ఇంకేం చెప్పలేడు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లకి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఉంటుంది, 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగిపోయి మిషను తీసుకోకపోతే, 2021 నుంచి ఫోనులో మొహం చూపించి ఇచ్చే పద్ధతి ఉంది. ఆ సంగతి తెలిసుండు. తన పేరు మీద వచ్చే నాలుగు రూపాయలు ఆగిపోతే, ఆశ్రమంలో ఆ మనిషి మాట విలువ కూడా తగ్గుతుంది.

ఎవరైనా పోతే దాచకు. రాత్రికి రాత్రి తీసుకెళ్లిపోయి, తెల్లారేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరిస్తే పక్క మంచం ఆవిడకి అర్థం కాదనుకుంటారు. చూస్తానంటే చూడనియ్యి. వీలైతే కొన్నాళ్లు ఆ మంచం ఖాళీగా ఉంచమని అడుగు.

నీ నడుం కూడా చూసుకో. బరువైన మనిషిని ఒక్కదానివే ఎత్తకు, రెండో మనిషి వచ్చేదాకా ఆగు. ఆగినందుకు ఎవరన్నా అంటే, పడితే తుంటి ఎముక ఎవరు అతికిస్తారో అడుగు.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్‌లో, జిల్లాకి కనీసం ఒక ఆశ్రమంతో మొదలుపెట్టి కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకి చోటు చూపొచ్చని రాష్ట్ర ప్రభుత్వాలకి చెప్పారు. ఆశ్రమాల్లో ఉండాల్సిన సేవల దగ్గర వైద్యం అని ఉంది, వినోదం అని ఉంది. ఆ రెండింటి నడుమ రోజూ జరిగే స్నానం, తల దువ్వడం, బాత్‌రూమ్‌కి చెయ్యి అందించడం ఆ సెక్షన్‌లో ఎక్కడా లేవు. వాటిని చూసుకోవాల్సింది మీరే.

వృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567. ఎవరన్నా చెయ్యి చేసుకున్నా, పింఛను లాక్కున్నా, కడుపు మాడ్చినా వాళ్లే ఫోన్ చేసుకోవచ్చు. చేరిన రోజునే చూడు, అది మీ హాలు గోడ మీద ఉందో లేదో. లేకపోతే అడిగి రాయించు. చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లకి అందే ఎత్తులో, కళ్లజోడు లేకుండా కూడా చదవగలిగేటంత పెద్ద అంకెలతో రాయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ