జర్మను ‘విస్సెన్’ క్రియ - సంస్కృత ‘వేద’ రూపము

జర్మను భాషలో ‘ఎరుగు’ అను అర్థముగల క్రియ ‘విస్సెన్’. వర్తమానమున దీని రూపములు ఇట్లుండును:

ఏకవచనము: ఇష్ వైస్ (నేనెరుగుదును), డూ వైస్ట్ (నీవెరుగుదువు), ఏర్ వైస్ (అతడెరుగును).
బహువచనము: వీర్ విస్సెన్, ఈర్ విస్ట్, జీ విస్సెన్.

ఇందు రెండు విశేషములు కలవు. ‘కొమ్మెన్’ (వచ్చు) మొదలగు క్రియలకు ‘ఏర్ కొమ్ట్’ అని ప్రథమపురుషైకవచనమున టకారము చేరును. ‘ఏర్ వైస్’లో అది లేదు. మరియు ఏకవచనమున ‘ఐ’, బహువచనమున ‘ఇ’ కనబడుచున్నవి. బోధనావ్యాకరణములు దీనిని అపవాదముగా చెప్పి విడుచును. చరిత్రదృష్టితో చూచినచో ఇది అపవాదము కాదు, ప్రాచీన నియమశేషము.

ఈ రూపము మొదట వర్తమానము కాదు. ఇండో-యూరోపియను మూలభాషలో ‘చూచు’ అను అర్థముగల ధాతువునకు ఇది లిట్టు. చూచినవాడు ఎరుగును గనుక, ‘చూచియున్నాడు’ అనునది ‘ఎరుగును’ అను అర్థమున స్థిరపడెను. లాటిను ‘విదేరె’కు చూచుటయే అర్థము. సంస్కృత ‘వేద’, గ్రీకు ‘ఒయిద’, గోథిక ‘వయిట్’ అనునవి అభ్యాసము లేని లిడ్రూపములే. ‘వేద’ యందు ‘తి’ ప్రత్యయము లేనట్లే ‘వైస్’ నందు టకారము లేదు.

అచ్చుల భేదమునకు స్వరము కారణము. ఏకవచనమున ఉదాత్తము ధాతువుపై నుండుటచే గుణము నిలిచెను; బహువచనమున అది ప్రత్యయముపైకి పోవుటచే ధాతువు హ్రస్వమయ్యెను. వేద-విద్మ, వయిట్-విటుమ్, వైస్-విస్సెన్ అను జంటలు దీనికి సాక్ష్యము. మూలభాషలోని దకారము గోథికమున టకారమును, జర్మనున సకారమును అగుట యాకబ్ గ్రిమ్ 1822లో నిరూపించిన హల్పరిణామమునకు అనుగుణముగా నున్నది.

పాణిని అష్టాధ్యాయి (3.4.83)లో విద్ ధాతువునకు లట్టునందు లిట్ప్రత్యయములను వికల్పముగా విధించెను. రూపమున లిట్టు, అర్థమున వర్తమానము అను ఈ స్థితినే జర్మానిక వ్యాకర్తలు ‘భూతరూప వర్తమానము’ అను వర్గముగా గుర్తించిరి. పాతరూపము వర్తమానమునకు చెల్లిపోగా భూతార్థమునకు కొత్తరూపము కావలసివచ్చెను: సంస్కృతమున ‘విదాంచకార’, జర్మనున టకారయుక్తమైన ‘వుస్టె’, క్తార్థమున ‘గెవుస్ట్’.

కావున ‘వైస్’ అనునది ‘వేద’ నుండి పుట్టినదనుట సరికాదు. ఇది ఎరువు కాదు. రెండును ఒకే తల్లి బిడ్డలు. తెలుగున నిత్యము వినబడు ‘విద్వాంసుడు’ అను తత్సమమునకు మూలమైన ‘విద్వస్’ శబ్దము సైతము ఈ ధాతువునకు అభ్యాసము లేని లిట్కృదంతమే.