చిన్నబిడ్డకు పెద్దల బెల్టు సరిపోదు



"బెల్టు పెట్టాం కదా, ఇంకేం భయం?" అని మనం అనుకుంటాం. 1996లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆంటన్ అనే నాలుగేళ్ల బాబుకు కూడా పెద్దల బెల్టే పెట్టారు. బండి బోల్తాపడినప్పుడు బాబు బయటికి విసిరివేయబడి చనిపోయాడు. అతని తల్లి పట్టుబట్టి ప్రయత్నించగా, 2000లో ఆ రాష్ట్రం బూస్టర్ సీటు చట్టం చేసింది. అమెరికాలో అటువంటి చట్టం అదే మొదటిది. 2002లో వచ్చిన దేశవ్యాప్త చట్టానికి ఆంటన్ పేరే పెట్టారు.

బెల్టు ఎందుకు సరిపోదు?

సీటు బెల్టును పెద్దవారి శరీరానికి తగినట్లు తయారుచేస్తారు. చిన్నపిల్లలకు కింది పట్టీ తుంటి ఎముకల మీద కాక మెత్తని పొట్ట మీద ఉంటుంది. పై పట్టీ మెడకు తగులుతుంది. ప్రమాదంలో ఆ పట్టీయే నొక్కుకుని పేగులకు, కాలేయానికి, వెన్నెముకకు గాయం చేయవచ్చు. బూస్టర్ సీటు బిడ్డను కొంచెం ఎత్తుగా కూర్చోబెడుతుంది. అప్పుడు కింది పట్టీ తొడల పైభాగాన, పై పట్టీ ఛాతీ మీదుగా భుజం మధ్యన నిలుస్తాయి.

ఎప్పటివరకు వాడాలి?

సుమారు 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు వచ్చేవరకు. ఈ పరీక్ష చేయండి:

1. వీపు సీటుకు ఆనుతుందా?
2. మోకాళ్లు సీటు అంచున వంగుతున్నాయా?
3. కింది పట్టీ తొడలమీద ఉందా?
4. పై పట్టీ భుజం మధ్యన ఉందా?
5. ప్రయాణమంతా అలాగే కూర్చోగలడా?

ఒక్కదానికి "లేదు" అన్నా బూస్టర్ అవసరమే. ఇంకా పసిబిడ్డలకు వేరే బేబీ సీటు వాడాలి. 13 ఏళ్లలోపు పిల్లలను వెనుక సీటులోనే కూర్చోబెట్టండి.

మన దేశంలో చట్టం

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 194బి ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. బెల్టు ఉంటే జరిమానా తప్పుతుంది, కానీ చిన్నబిడ్డకు గాయం తప్పకపోవచ్చు.

అమెరికాలో సీటు లేనిదే బండి కదిలించని మన పిల్లలు, సెలవులకు ఇంటికి రాగానే మనవడిని నాయనమ్మ ఒడిలో కూర్చోబెడుతున్నారు. నాయనమ్మ ప్రేమ ఎంత గొప్పదైనా, బండి ఒక్కసారిగా ఆగితే ఆమె చేతులు బిడ్డను ఆపలేవు. దగ్గర ప్రయాణమైనా సరే, బిడ్డను తన సీటులోనే కూర్చోబెట్టండి.