ఊరి వేళలే మన కాల్షీటు

జనగామలో చాలాకాలం వీడియో స్టూడియో నడిపాను. పెళ్లిళ్లు, బోనాలు, కాలేజీ వార్షికోత్సవాలు, ఎన్నికల సభలు అన్నీ తీశాను. ఇప్పుడు స్టూడియో కొడుకు చూసుకుంటున్నాడు. డిగ్రీ పిల్లలు షార్ట్ ఫిల్మ్ తీస్తామని వస్తే నేను తోడు వెళ్తుంటాను. ఆమధ్య ఒక అమ్మాయి కథ రాసుకొచ్చింది. జనగామలో చదువుకునే పిల్ల, భూపాలపల్లిలో సింగరేణి గనిలో పనిచేసే తండ్రి, మహబూబాబాద్ దగ్గరి తండాలో ఒంటరిగా ఉండే నానమ్మ. ముగ్గురూ ఒక్కచోట కూర్చుని ఒక పూట అన్నం తినేలా చేయాలని ఆ పిల్ల పడే తాపత్రయమే కథ. మూడు జిల్లాలు, ఐదుగురు మనుషులు, ఒక కెమెరా. ఆ సినిమా వెంట తిరిగాక, అంతకుముందు నుంచీ నాలో ఉన్న కొన్ని నమ్మకాలు గట్టిపడ్డాయి. సినిమా తీయాలని తహతహలాడే పిల్లల కోసం వాటిని రాస్తున్నాను.

1. అడిగేది ఎదుటివాళ్ల పొద్దు అని గుర్తుంచుకోండి

పిల్లలు వచ్చీరాగానే "సార్, బడ్జెట్ లేదు" అంటారు. నిజమే, లేదు. అయితే ఫోనుతోనైనా బొమ్మ తీయొచ్చు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. విద్యార్థి సినిమాకు నిజంగా ఖర్చయ్యేది ఊరివాళ్ల సమయం. ఇల్లు ఇచ్చేవాళ్లు, నటించేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు తమ పని మానుకుని మనకు ఒక పూట ఇస్తారు. ఆ పూటకు విలువ కట్టడం తెలిస్తే షెడ్యూలు, షాట్ డివిజన్, ధ్వని అన్నీ దారిలో పడతాయి. కింద రాసినవన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

2. కథను ఐదుగురు మోయగలిగినంతే ఎత్తుకోండి

జనగామ జిల్లాలో పుట్టిన ఏ పిల్లవాడికైనా మొదట తట్టే కథ సాయుధ పోరాటం. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండ్లకు నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దొరకు ఎదురు నిలిచింది. ఈ మట్టిలో ఆ కథలు ఉండగా వేరేవి ఎందుకని అడుగుతారు. ఆ ఆవేశం నాకు ఇష్టం. కానీ ఆనాటి గడీ, ఆనాటి బండ్లు, బట్టలు, వందల జనం ఐదుగురితో అయ్యే పని కాదు. కృషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ 'మా భూమి' తీసినప్పుడు నిర్మాత బి. నర్సింగరావు వెనుక ఎంతోమంది కళాకారులు, ఊళ్లకు ఊళ్లు నిలబడ్డాయి. 1980లో విడుదలైన ఆ సినిమాను ఇప్పటికీ తలుచుకుంటున్నామంటే ఆ బలగం చలవే.

మీకు ఆ చరిత్రే కావాలంటే ఇవాళ్టి మనిషిని తీసుకోండి. ఐలమ్మ 1985 దాకా బతికింది. ఆమెను కళ్లారా చూసినవాళ్లు పాలకుర్తి చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలామె, ఆమెను ప్రశ్నలడిగే మనుమరాలు చాలు. ఆ సినిమా ఐదుగురితో అవుతుంది.

3. పంట మీ కోసం ఆగదు

నానమ్మ సన్నివేశాలు మిర్చి కాలంలో ఉండాలని అమ్మాయి పట్టుబట్టింది. మంచి ఆలోచనే. మానుకోట (మహబూబాబాద్) వైపు జనవరి నుంచి మార్చి దాకా చేలల్లో, కల్లాల్లో ఎర్రటి పరుపులు పరిచినట్టు ఉంటుంది. కెమెరా ఎక్కడ పెట్టినా బొమ్మ బాగుంటుంది. అయితే ఆ రోజుల్లోనే తండాలో ఒక్క మనిషీ ఖాళీగా ఉండడు. తెల్లవారకముందే ఏరడానికి పోతారు. ఎండ ముదిరాక వచ్చి కాయ తిరగేస్తారు. వానమబ్బు కనిపిస్తే పట్టాలు కప్పడానికి అందరూ పరుగెత్తుతారు. నానమ్మ పాత్రకు ఒప్పుకున్న ఆమెను పొద్దున తొమ్మిదికి రమ్మని అడిగితే, "మిరపకాయ ఏరుడు ఆగదు బిడ్డా. మీ సిన్మా ఆగుతదా?" అంది.

ఆగాలి. ఆగేది మనమే. ఆమె రోజంతా ఏమేం చేస్తుందో ముందు కూర్చుని చూడమన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెట్టు నీడన కూర్చుని కాయలోంచి తాలు వేరుచేస్తుంది. చేతులు ఆడుతుంటాయి, నోరు ఖాళీగా ఉంటుంది, చప్పుడు తక్కువ. సంభాషణ ఉన్న సీన్లన్నీ ఆ వేళకు మార్చుకున్నాం. ఆమె పని ఆగలేదు. నటిస్తున్నట్టు కూడా కనిపించలేదు, ఎందుకంటే ఆ చేతులు తమకు తెలిసిన పనే చేస్తున్నాయి. మిర్చి ఘాటుకు సౌండ్ చూసే పిల్లవాడికి దగ్గు ఆగకపోతే, అతన్ని గాలికి ఎదురువైపు కూర్చోబెట్టి ముక్కుకు తడిగుడ్డ కట్టాం.

కాలం తప్పితే ఏమవుతుందో ప్రపంచానికి తెలిసిన ఉదాహరణ ఒకటుంది. సత్యజిత్ రాయ్ 1952లో 'పథేర్ పాంచాలి' చిత్రీకరణను రెల్లుపూల పొలంలో మొదలుపెట్టాడు. వారం తిరిగి వచ్చేసరికి ఆ పూలను పశువులు మేసేశాయి. మిగతా సీను కోసం మళ్లీ పూలు పూసేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి ఆయన కెమెరామన్ సుబ్రత మిత్రాకు సినిమా తీసిన అనుభవమే లేదు. మన దగ్గర బతుకమ్మకు కావలసిన గునుగు, తంగేడు కూడా అలాంటివే. కథలో బతుకమ్మ ఉంటే ఆ తొమ్మిది రోజుల్లోనే తీయండి, లేదంటే ఆ సీను తీసేయండి. ప్లాస్టిక్ పూలతో మాత్రం తీయకండి. ఊళ్లో చిన్నపిల్లలు కూడా ఇట్టే గుర్తుపడతారు.

4. ఐదుగురిలో ఒకరు చెవులకే అంకితం

దర్శకత్వం ఒకరు, కెమెరా ఒకరు, ధ్వని ఒకరు, కంటిన్యుటీ రాసుకుంటూ క్లాప్ కొట్టేది ఒకరు, భోజనాలు, ప్రయాణం, అనుమతులు చూసేది ఒకరు. ఎవరు తగ్గినా ధ్వని మనిషిని తగ్గించొద్దు. బొమ్మ కాస్త మసకబారినా జనం భరిస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు.

జనగామ సికింద్రాబాద్–కాజీపేట మెయిన్ లైన్ మీద ఉంది. పట్టాలకు దగ్గర్లోని గదిలో సీను పెట్టుకుంటే ప్రతి రెండు మూడు టేకులకు ఒక బండి హారన్ వస్తుంది. స్టేషన్‌లో బండ్ల వేళలు రాసుకుని ఆ మధ్య ఖాళీల్లో తీయాలి. గూడ్సు బండ్లకు మాత్రం ఏ టైంటేబుల్ ఉండదు, వాటికి ఓపికే మందు. ఇంకో దారి, బండి చప్పుడును కథలోకే తెచ్చుకోవడం. మా సినిమాలో ఆ పిల్ల నానమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది. అదే బండి కాసేపటికి మానుకోటలో కూడా ఆగుతుంది. ఆ చప్పుడు ఇద్దరి మధ్యా దారమైంది, మాటలు రాయాల్సిన పని తప్పింది.

ప్రతి లొకేషన్‌లో కదలకుండా, మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ చప్పుడు రికార్డు చేయండి. దాన్ని రూమ్ టోన్ అంటారు. ఎడిటింగ్‌లో రెండు షాట్లు అతికినప్పుడు వచ్చే గతుకును అదే పూడుస్తుంది.

ఇంకో సినిమాకు పెంబర్తి వెళ్లాం. ఇత్తడి రేకు మీద సుత్తి పడే చప్పుడు కావాలన్నారు పిల్లలు. అక్కడి శిల్పి ఎన్నిసార్లయినా కొడతాడు, మంచి మనిషి. కానీ మన టేకు కోసం కొట్టిన ప్రతి దెబ్బా ఆయన చేతిలోని పనిని వెనక్కి నెడుతుంది. అందుకే అడిగి కొట్టించుకోకుండా, ఆయన పని చేసుకుంటుంటే మైకు దగ్గర పెట్టి కూర్చున్నాం. లేస్తూ ఆయన పూట కూలి చేతిలో పెట్టాం.

5. ట్యూబులైటు కింద తీసేటప్పుడు

మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములకే సెట్ అయి ఉంటాయి. షటర్ 60లో ఒక వంతు ఉంటే ట్యూబులైటు కింద బొమ్మ మీద చారలు పాకుతాయి. 25 ఫ్రేములు, 50లో ఒక వంతు షటర్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. హాస్టల్ గదులు, క్యాంటీన్లు, వార్డు ఆఫీసులు అన్నింటికీ ఇదే సూత్రం.

6. షిఫ్టు మనిషి నిద్ర పాడుచేయొద్దు

భూపాలపల్లిలో తండ్రి పాత్రకు నిజంగా గనిలో పనిచేసే ఆయనే దొరికాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. వెంటనే, "గని లోపల తీద్దాం సార్" అన్నారు. భూగర్భ బొగ్గు గనిలోకి మామూలు కెమెరా, సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. లోపల మీథేన్ వాయువు ఉండొచ్చు, చిన్న నిప్పురవ్వ చాలు ప్రాణాలు పోవడానికి. ఆ నియమం ఎన్నో ప్రమాదాల తర్వాత వచ్చింది, దాన్ని గౌరవించాలి. నా మటుకు నేను ఇందులో సినిమాకు నష్టం ఏమీ చూడలేదు. గని కనపడకుండానే గనిని చెప్పడం ఎలాగో ఆ అమ్మాయి కనిపెట్టింది. గుమ్మం పక్కన బూట్లు, ఎన్నిసార్లు కడిగినా గోళ్ల సందుల్లో మిగిలే నలుపు, పగటిపూట కిటికీకి కట్టిన దుప్పటి, అడుగుల చప్పుడు కాకుండా నడిచే భార్య. రాత్రి షిఫ్టు చేసొచ్చినవాడి ఇల్లు పగలు ఎలా ఉంటుందో కార్మిక కుటుంబాలన్నింటికీ తెలుసు. తెరమీద చూసినవాళ్లు తక్కువ.

అందుకు షెడ్యూలు మొత్తం ఆయన షిఫ్టును బట్టి వేసుకున్నాం. షిఫ్టు మారితే మనమూ మారాం. ఆదివారం ఆయనకు ప్లే డే పడింది, అంటే మామూలుకన్నా ఎక్కువ వేతనం వచ్చే రోజు. కెమెరా అద్దెకు తెచ్చి ఉన్నా సరే, ఆయన్ని డ్యూటీకి పొమ్మన్నాం. ఆ రోజు బజారు షాట్లు తీసుకున్నాం.

7. అందమైన చోటు కనిపించగానే కెమెరా ఎత్తొద్దు

గణపురం కోటగుళ్లు, పాండవుల గుట్ట, కాళేశ్వరం సంగమం, గూడూరు వైపు భీముని పాదం జలపాతం. దారిలో ఇవన్నీ పిలుస్తాయి. కథ పిలిస్తేనే వెళ్లండి. మా కథ పిలవలేదు, వెళ్లలేదు.

8. అనుమతి కాగితం సంచిలో ఉండాలి

రైల్వే ప్లాట్‌ఫాం మీద షూటింగుకు రైల్వే అనుమతి ముందే తీసుకోవాలి. అడవిలోకి వెళ్తే అటవీ శాఖను అడగాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను 2021 డ్రోన్ నియమాల ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఊళ్లో అయితే సర్పంచుకు, తండాలో పెద్దమనుషులకు ఒక మాట చెప్పాలి. నటించినవాళ్లకు కథంతా చదివి వినిపించి, వాళ్ల భాషలో అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకోలు తీసుకోవాలి.

9. నటులు కానివాళ్లకు డైలాగు ఇవ్వొద్దు, సందర్భం ఇవ్వండి

2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో వెంకటేశ్ మహా ఎనభై మందికి పైగా స్థానికులతో నటింపజేశాడు. వాళ్ల మాట, నడక వాళ్లవే కావడం ఆ సినిమాకు ప్రాణం. మా నానమ్మకు కాగితం చదివి వినిపిస్తే బిగుసుకుపోయింది. "నీ కొడుకు మూడు నెలలైంది రాక, ఇప్పుడు ఫోన్ చేసిండు, ఏమంటవ్?" అని అడిగితే, తెలుగులో మొదలుపెట్టి కోపం వచ్చేసరికి లంబాడీలోకి వెళ్లిపోయింది. అదే ఉంచాం. ఇలాంటివాళ్లతో మొదటి రెండు టేకులే బంగారం. అందుకే లైటు, ఫోకస్, మైకు అన్నీ సిద్ధమయ్యాకే వాళ్లను పిలవాలి. మన తయారీ కోసం వాళ్లను ఎండలో నిలబెట్టడం అన్యాయం.

10. రెండు కాపీలు అయ్యేదాకా కార్డు చెరపొద్దు

ప్రతి సాయంత్రం రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీ చేసి, ఇద్దరి దగ్గర ఒక్కొక్కటి ఉంచండి. ఎంత అలసిపోయినా సరే.

11. మొదటి ఆట ఊళ్లోనే

హైదరాబాద్ రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్‌లో పుట్టి బొంబాయి తెర మీద వెలిగి 1980లో ఫాల్కే అవార్డు అందుకున్న మన జైరాజ్ పేరే దానిది. భాషా సాంస్కృతిక శాఖ అక్కడ 'సినివారం' పేరుతో యువ దర్శకుల చిత్రాలు ఎన్నో ప్రదర్శించింది. అలాంటి వేదిక మీద మన పిల్లల సినిమా పడటం గొప్పే. అంతకన్నా ముందు, సమయం ఇచ్చినవాళ్లు చూడాలి. మేము తండాలో బడి గోడ మీద వేశాం. మిర్చి ఏరే ఆడవాళ్లు పని ముగించుకుని వచ్చి కూర్చున్నారు. సినిమా అయ్యాక, "ఇంకోసారి ఎయ్యరాదుండ్రి" అన్నారు, వేశాం. భూపాలపల్లి కాలనీలో రాత్రి షిఫ్టుకు పోయేవాళ్ల కోసం ఆట సాయంత్రం పెందలాడే పెట్టాం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కాలేజీల ప్రిన్సిపాళ్లకు నాదొక విన్నపం. మీ సెమినార్ హాలు, ప్రొజెక్టర్ నెలలో ఒక సాయంత్రం పిల్లల సినిమాలకు ఇవ్వండి, గేటు తెరిచి ఊరివాళ్లను కూడా రానివ్వండి. పిల్లలు తీయడానికి సిద్ధంగా ఉన్నారు. చూపించే చోటు మీ దగ్గర ఉంది.