కాలేయమునకు ప్రాకిన చిన్నప్రేగు కణితి - శస్త్రచికిత్స

“కాలేయమునకు ప్రాకినది” అను మాట చెవిని పడగానే మన గ్రామములలో ఇంటివారు రోగిపై ఆశ వదలుకొందురు. పెక్కు రాచపుండ్ల విషయమున ఆ భయము నిరాధారము కాదు. కాని చిన్నప్రేగులో పుట్టు ఒక జాతి కణితి ఈ లెక్కకు లొంగదు. 1907లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఓబర్న్‌డార్ఫర్ అను వైద్యుడు దానికి కార్సినాయిడ్, అనగా రాచపుండును పోలినది, అని పేరిడెను. అది ఇతర అవయవములకు ప్రాకగలదని 1929లో ఆయనయే అంగీకరించెను. నేడు దీనిని న్యూరోఎండోక్రైన్ కణితి అందురు.

చిన్నప్రేగు పొడవు సుమారు 20 అడుగులు. దాని తుదిభాగమున, ఒక్కొక్కప్పుడు వేరుసెనగ గింజంతయే ఉండి, ఈ కణితి ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. ప్రేగుల నుండి వచ్చు రక్తము మొదట కాలేయమునకే చేరును గనుక కణితి కణములు అక్కడ నాటుకొనును. కణితి సెరొటోనిన్ మున్నగు ద్రవ్యములను స్రవించును. కణితి ప్రేగులోనే ఉన్నంతకాలము కాలేయము వానిని విరిచివేయును. కాలేయములోనే కణుతులు లేచిన పిమ్మట అవి నేరుగా ఒంటికెక్కును. అప్పుడు ముఖము ఉన్నట్లుండి ఎర్రబారి వేడెక్కును, నీళ్ల విరేచనములు మానవు, కొందరికి పిల్లికూతలు వచ్చును. కొంతకాలమునకు గుండె కుడిభాగపు కవాటములు సైతము గట్టిపడవచ్చును. అజీర్ణమని మాత్రలు మ్రింగుచు ఏండ్లు గడుపువారు కలరు.

శస్త్రవైద్యుడు కణితిగల ప్రేగుముక్కను, చుట్టునున్న రసగ్రంథులతో సహా కోసి తీసి, కొనలను కలిపి కుట్టును. ప్రేగు మూసికొనిపోయినచో ఇది తప్పనిసరి. బాధలేనివారికి ముందుగానే చేయవలెనా అన్నది వైద్యులలో నేటికిని చర్చనీయమే. ఇక కాలేయము మాట. ఆరోగ్యవంతమైన కాలేయములో మూడవవంతు మిగిలినను అది తిరిగి పెరుగగలదు. కావున పెద్ద కణుతులను కోసివేసి, చిన్నవానిని సూదిద్వారా వేడిమితో మాడ్చుదురు. అన్నియు తీయుటకు వీలుకాకున్నను అధికభాగము తొలగించినచో బాధలు తగ్గును. ఇతర రాచపుండ్లలో ఈ పద్ధతికి ఇంత ప్రయోజనము అరుదు. ఐనను కణుతులు మరల లేచుట సామాన్యమే. ఒక్క శస్త్రచికిత్సతో సమూలముగా పోవునని ఎవరైన మాట యిచ్చినచో నమ్మరాదు.

మత్తు ఇచ్చునపుడు ఒక ప్రత్యేకమైన ఆపద కలదు. కణితి స్రావములు ఒక్కుమ్మడిగా వెలువడి రక్తపుపోటు పడిపోవచ్చును. అందులకై ఆక్ట్రియోటైడ్ అను మందును సిద్ధముగా ఉంచుకొందురు. గుండెను ముందే పరీక్షింతురు. ఈ మందు దీర్ఘకాలము వాడినచో పిత్తాశయములో రాళ్లు ఏర్పడవచ్చును గనుక అదే సమయమున పిత్తాశయమును కూడ తీసివేయుట కలదు. కోతకు వీలులేనివారికి నెలకొక సూదిమందు, కాలేయ కణుతులకు రక్తము అందకుండ చేయుట, లుటీషియం అను రేడియోధార్మిక ఔషధము మున్నగు మార్గములు కలవు.

పంచాయతీ సభ్యులు రోగి కుటుంబమును అడుగవలసిన మొదటి ప్రశ్న “బయాప్సీ కాగితమేది?” అనునదే. కణితి జాతియు, అది పెరుగు వేగపు తరగతియు అందులోనే ఉండును. ఆ కాగితము లేకుండ పొలము అమ్మి కషాయములకు పోయుట కంటె, దానిని భద్రముగా తీసికొని కాలేయ శస్త్రవైద్యులు, క్యాన్సరు వైద్యులు కలిసి చూచు పెద్ద ఆసుపత్రికి రోగిని పంపుట మేలు. ప్రభుత్వ ఆరోగ్యపథకపు కార్డు గలవారు, ఏ చికిత్స పథకము క్రిందికి వచ్చునో చేరుటకు ముందే ఆసుపత్రిలో విచారించుకొనవలెను.