దుంగల నిల్వకు రాతి కడీల పాక

వంటచెరకు దుంగలను నిల్వచేసే పాకను వానకు అడ్డుగా మాత్రమే భావించి నాలుగు వైపులా మూసివేస్తే దాని ప్రయోజనం దెబ్బతింటుంది. అది ప్రధానంగా కట్టెను ఆరబెట్టే కట్టడం. కట్టెలో మిగిలిన ప్రతి కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి ఖర్చవుతుంది. ఆ మేరకు వంటకు చేరే వేడి తగ్గి పొగ పెరుగుతుంది. తేమ దుంగ కొసల నుండి, చీల్చిన ముఖాల నుండి త్వరగా వెలువడుతుంది. బెరడు దానిని అడ్డగిస్తుంది. కాబట్టి లావు దుంగలను చీల్చిన తరువాతే పేర్చాలి.

గుమ్మడిదల వంటి తెలంగాణ ఊళ్లలో అసలు సమస్య చెద. నీలగిరి గుంజలను నేలలో పాతితే చెద లోలోపలే పైకప్పు దాకా పాకగలదు. కంచెకు వాడే రాతి కడీలను రెండడుగుల గుంతలో నిలిపితే, గడ్డపార, పార తప్ప వేరే పరికరాలు అక్కరలేదు. రాయి చెదను ఆపదు. అయితే రాతిపై ఎక్కాలంటే అది పైకి కనిపించే మట్టి గొట్టం కట్టక తప్పదు. వారానికొకసారి చూసి గీకివేయవచ్చు. ఈ సౌలభ్యం దక్కాలంటే దుంగలు కడీలకు తగలరాదు, నేలకు అడుగు ఎత్తున రాతి బద్దలపై ఉండాలి. పటాన్‌చెరు పరిశ్రమల పాత చెక్క ప్యాలెట్లు దొరికినా నేలపై పరచరాదు. అవి చెదకు తొలి ఆహారం.

నైరుతి జల్లు పడే పడమటి వైపు చూరును పొడిగించాలి. పక్కలు తెరచి ఉన్నందున వేసవి ఈదురుగాలులు కప్పును ఎత్తివేయవచ్చు. వాసాలను కడీలకు ఇనుప తీగతో బిగించాలి. వరుసల మధ్య మనిషి నడిచే సందు వదలాలి, తేళ్లు ఉన్నదీ లేనిదీ చూసుకోవడానికైనా.