వందనముల జాబితా
వాక్యభాగము: రోమీయులకు 16:1–16



ఈ అధ్యాయములో పేర్లు మాత్రమే యున్నవని తలంచి అనేకులు దీనిని త్వరగా దాటిపోవుదురు. ఈ పత్రిక వ్రాయునాటికి పౌలు రోమాకు వెళ్లియుండలేదు (1:13). అయినను అక్కడివారిని ఇరువదిమందికి పైగా పేర్లతో జ్ఞాపకము చేసికొనెను. ప్రిస్కిల్ల అకులలు తన కొరకు ప్రాణమునకు తెగించిరనియు, మరియ బహుగా ప్రయాసపడెననియు, రూఫు తల్లి తన్నును బిడ్డవలె చూచెననియు వ్రాసెను. అతనికి ప్రతి పేరు వెనుక ఒక మనిషి యుండెను.

క్రిస్మసు కార్డు 1843లో లండనులో పుట్టెను. హెన్రీ కోల్ అను ఆయన స్నేహితులందరికి ఉత్తరములు వ్రాయ తీరిక చాలక, జాన్ హార్స్లీ అను చిత్రకారునిచేత బొమ్మ వేయించి, సుమారు వెయ్యి కార్డులు అచ్చువేయించెను. తీరిక లేమి తప్పు కాదు. అయితే మనుష్యులను మరచి చిరునామాలు మాత్రమే వ్రాయుట తప్పు.

ఈ తప్పు నేనే చేసితిని. ఒక యేడు పాత పుస్తకము చూచి త్వరత్వరగా కార్డులు వ్రాసితిని. ఆ వేసవిలో నేనే వెళ్లి భూస్థాపన చేసిన పొరుగూరి సహోదరుని పేరిట ఒక కార్డు పోయెను. తరువాత ఉపవాస కూటమునకు వచ్చిన ఆయన భార్య దానిని నా చేతిలో పెట్టి, “అయ్యగారూ, ఆయన పేరు మీ పుస్తకములో ఇంకను ఉన్నది. నా పేరు ఎప్పుడైనను ఉన్నదా?” అని అడిగెను. నా యొద్ద ఉత్తరము లేకపోయెను.

గనుక ఈ క్రమము పాటించుడి.

1. నవంబరు మొదటి వారమున ఒక నోటుపుస్తకము తీసి, ఒక్కొక్క కుటుంబమునకు సగము పుట విడువుడి. ఇంటి యజమాని పేరే గాక భార్య పేరు, పిల్లల పేర్లు, వృద్ధుల పేర్లు వ్రాయుడి.

2. ఇంటి నంబరు, గ్రామము, పోస్టాఫీసు, మండలము, జిల్లా, పిన్ కోడు సరిచూడుడి. 2016లో తెలంగాణలోను, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోను క్రొత్త జిల్లాలు ఏర్పడినవి. పాత జిల్లా పేరుంటే దిద్దుడి. పిన్ కోడులోని ఆరు అంకెలలో ఒకటి తప్పినను కార్డు వేరొక ఊరికి పోవచ్చును.

3. మరణము, వివాహము, బదిలీ తెలిసిన వారమే పుస్తకములో వ్రాయుడి. డిసెంబరు వరకు ఆగినయెడల మరతుము.

4. పంపిన తేదీ వ్రాయుడి. జవాబు రాలేదని పేరు కొట్టివేయకుడి. మనకు వందనము చేయువారికే వందనము చేసినయెడల మన విశేషమేమి? (మత్తయి 5:47). కార్డు తిరిగి వచ్చినయెడల ముందు విచారించుడి.

5. గల్ఫు దేశములలో పనిచేయువారికి, సైన్యములో నున్నవారికి ముందుగా పంపుడి. హాస్టలు పిల్లలను, ఆసుపత్రిలో నున్నవారిని మరువకుడి.

చివరగా పుస్తకము మూయకముందు ఒక్క ప్రశ్న వేసికొనుడి: నేను తెలిసియే విడిచిన పేరు ఏది? పొలము గట్టు తగాదాచేత గాని, సంఘములో మాటపట్టింపుచేత గాని దూరమైనవారెవరు? ఆ కార్డు మొదట వ్రాయుడి. వీలైనయెడల దానిని తపాలాలో వేయక, మీరే తీసికొనిపోయి చేతికిచ్చుడి.

తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు మంచి కాపరి (యోహాను 10:3) మన మరపును క్షమించి, మన జ్ఞాపకమును విశాలపరచును గాక. ఆమేన్.