వెలుగు కనిపించాక అడగాల్సినవి

(ఛాతీ జబ్బుల వైద్యంలో తల నెరిసిన ఒక డాక్టరు, కొత్తగా వస్తున్నవాళ్లకు)

1. మన వైపు ఊపిరితిత్తి ఫిల్మ్ ఏది చేతికొచ్చినా ముందు క్షయను తలచుకోండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో శానటోరియం వెలిసింది ఊరికే కాదు. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని నడిపారు. ఆయన కొడుకు యోహానెస్ 1950ల్లో చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా ఎంత కాపాడుతుందో ఏళ్ల తరబడి పరిశీలించారు. వాళ్ల చేతిలో ఉన్నవి ఎక్స్‌రే, కళ్లె పరీక్ష. మనకు పెట్ సీటీ కూడా ఉంది. క్షయ మాత్రం ఎక్కడికీ పోలేదు.

2. పెట్ స్కాన్‌లో రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెరను నరంలోకి ఎక్కిస్తారు. వాపు ఉన్నచోట గుమిగూడిన రక్షక కణాలు దాన్ని ఆబగా లాక్కుంటాయి, ఆ చోటు తెరమీద వెలుగుతుంది. సీటీలో ఛాతీలోని లింఫు గ్రంథి మామూలు సైజులోనే ఉన్నా, లోపల నివురుగప్పిన నిప్పు ఉంటే ఇందులో తెలిసిపోవచ్చు. సార్కాయిడోసిస్‌లో దీని విలువ ఎక్కువ: ముక్క ఎక్కణ్ణుంచి తీయాలో, గుండెకు పాకిందేమో, స్టెరాయిడ్ పనిచేస్తోందో లేదో చూడొచ్చు.

3. ఆ వెలుగుకు పేరుండదు. క్షయ వెలుగుతుంది, సార్కాయిడ్ వెలుగుతుంది, క్యాన్సర్ వెలుగుతుంది, ఫంగస్ కూడా. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల్లో రాయి కోసినవాళ్ల ఛాతీ గ్రంథులు సిలికా దుమ్ముకే వెలగొచ్చు. రిపోర్టులో మిగతాదంతా అర్థం కాకపోయినా ‘మాలిగ్నెన్సీ’ ఒక్కటి చదివి ఇంటిల్లిపాదీ ఏడవడం నేను చూశాను. సూది వేసి ముక్క తీసి, క్షయ క్రిముల కోసం కల్చర్‌కూ జీన్ పరీక్షకూ పంపాకే పేరు పెట్టండి. ఇదేమీ చాదస్తం కాదు. క్షయను సార్కాయిడ్ అనుకుని ఒట్టి స్టెరాయిడ్ ఇస్తే జబ్బు రెచ్చిపోతుంది.

4. దగ్గిన ప్రతివాణ్ణీ పెట్‌కు పంపకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష, ఎక్స్‌రే. ఆయాసం తగ్గకపోతే ఊదుడు పరీక్ష, హెచ్ఆర్‌సీటీ. ఖర్చూ రేడియేషనూ రెండూ రోగి ఒంటిమీదే పడతాయి.

5. పెట్‌కు వాడే ఆ ఫ్లోరిన్ బలం 110 నిమిషాలకు సగమైపోతుంది. తయారైన మందు అదే రోజు వాడాల్సిందే, అందుకే ఈ యంత్రం ప్రతి ఊళ్లోనూ ఉండదు. తిరుపతికో వెల్లూరుకో బెంగళూరుకో వెళ్లేవాళ్లకు ముందే గట్టిగా చెప్పండి: ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి, మంచినీళ్లు తాగొచ్చు. పుంగనూరులో బస్సెక్కేముందు తాగిన కాఫీ కూడా లెక్కలోకే వస్తుంది. షుగర్ 200 దాటితే చాలాచోట్ల ఇంకోరోజు రమ్మంటారు. గుండె కోసమైతే ముందురోజు నుంచే అన్నం, రొట్టె మానాలి. స్కాన్ చేసేవాళ్లు చెప్పే ఆ తిండి పట్టికను రోగికి తెలుగులో రాసివ్వండి.

6. ఏం పని చేస్తారు? ఇంట్లో పావురాలున్నాయా? బూజుపట్టిన గడ్డి దులుపుతారా? ఈ మూడూ యంత్రం అడగదు.

7. మందులు మొదలుపెట్టాక మళ్లీ స్కాన్ కావాలంటే, వీలైనంతవరకు అదే చోట, అదే యంత్రం మీద తీయించండి. మొదటిది వెల్లూరులో, రెండోది బెంగళూరులో అయితే, వెలుగును కొలిచే అంకె తగ్గింది మందు వల్లా యంత్రం వల్లా అని తేల్చడం కష్టం. పాత సీడీ కూడా రోగి సంచిలో పెట్టి పంపండి.